ఇంటి అద్దెపై 18 శాతం జీఎస్టీ కట్టాలా? ఓనర్ అడిగితే ఇవ్వాలా? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

అగ్రిమెంట్ రెన్యువల్ టైమ్ వచ్చింది. ఓనర్ ఫోన్ చేసి, "ఈసారి అద్దెతో పాటు జీఎస్టీ కూడా ఇవ్వాలండీ, గవర్నమెంట్ రూల్ మారింది" అంటారు. అద్దె 30 వేలు అనుకుంటే 18 శాతం అంటే నెలకు 5,400. ఏడాదికి 64,800 రూపాయలు. మధ్యతరగతి ఇంట్లో ఇది పిల్లల స్కూల్ ఫీజు అంత మొత్తం. అడిగింది ట్యాక్స్ కాబట్టి కాదనడానికి భయం. అలాగని కట్టడానికి చేతులు రావు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనే కాదు, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లకు కూడా ఈ డౌట్ తరచూ వస్తూనే ఉంది.

సూటిగా చెప్పాలంటే, ఉద్యోగం చేసుకునే ఒక మామూలు మనిషి తన కుటుంబంతో ఉండటానికి ఇల్లు అద్దెకు తీసుకుంటే ఆ అద్దెపై జీఎస్టీ లేదు. అద్దె 8 వేలైనా, 80 వేలైనా లేదు. ఓనర్‌కి ఒక ఇల్లున్నా, పది ఇళ్లున్నా లేదు. ఆయనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, ఉండటానికి ఇచ్చిన ఇంటి అద్దె మీద మీ దగ్గర ట్యాక్స్ వసూలు చేయడానికి వీల్లేదు.

మరి ఈ 18 శాతం మాట ఎక్కడి నుంచి పుట్టింది? పూర్తిగా గాలి మాట అయితే కాదు. సగం నిజం. అందుకే అంత గట్టిగా నిలబడింది.

2022 జులై 18న ఏం మారింది?

జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. అప్పటి నుంచి నివాసం కోసం ఇచ్చే ఇంటి అద్దెకు మినహాయింపు ఉంది. అంతకుముందు సర్వీస్ ట్యాక్స్ ఉన్న రోజుల్లోనూ షాపులు, ఆఫీసుల అద్దెల మీదే పన్ను వేశారు కానీ, ఉండే ఇళ్ల జోలికి రాలేదు. ఐదేళ్ల పాటు ఎవరికీ సమస్య లేదు.

2022 జూన్ చివర్లో చండీగఢ్‌లో 47వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం జరిగింది. అక్కడి నిర్ణయం ప్రకారం జులై 18 నుంచి ఒక చిన్న మార్పు వచ్చింది. ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు జీఎస్టీ కింద రిజిస్టర్ అయి ఉంటే ఆ అద్దెకు మినహాయింపు తీసేశారు. దానిపై 18 శాతం పన్ను పడుతుంది. రూల్ ఇంతే. కానీ అప్పట్లో "ఇంటి అద్దెకు 18 శాతం జీఎస్టీ" అనే హెడ్‌లైన్ ఫోన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో గిర్రున తిరిగింది. "రిజిస్టర్ అయిన అద్దెదారు" అనే ముక్క మాత్రం ఫార్వర్డ్‌లలో జారిపోయింది.

గందరగోళం ముదరడంతో 2022 ఆగస్టులో కేంద్రమే వివరణ ఇచ్చింది. వ్యాపార సంస్థకు ఇల్లు అద్దెకిస్తేనే పన్ను, వ్యక్తిగతంగా ఉండటానికి తీసుకునేవాళ్లకు లేదు అని ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఫ్యాక్ట్ చెక్ ద్వారా చెప్పింది. అయినా మొదటి మెసేజ్ వెళ్లినంత దూరం ఈ వివరణ వెళ్లలేదు. ఇవాళ్టికీ ఓనర్లు, కొన్నిసార్లు బ్రోకర్లు చూపించేది ఆ పాత ఫార్వర్డే.

కట్టేది ఓనర్ కాదు.. అసలు తిరకాసు ఇక్కడే

చాలామంది మిస్ అయ్యే పాయింట్ ఇంకొకటి ఉంది. పన్ను పడే సందర్భంలో కూడా ఓనర్ దాన్ని వసూలు చేయకూడదు.

మామూలుగా షాపులో వస్తువు కొంటే ట్యాక్స్ షాపువాడు తీసుకుని ప్రభుత్వానికి కడతాడు. ఇళ్ల విషయంలో పెట్టిన పద్ధతి వేరు. దీన్ని రివర్స్ ఛార్జ్ అంటారు. అంటే అద్దెకు తీసుకున్న రిజిస్టర్డ్ సంస్థే లెక్క కట్టుకుని, తన జీఎస్టీ రిటర్న్‌లో చూపించి, నేరుగా ప్రభుత్వానికి చెల్లించాలి. ఓనర్‌కు ఇచ్చేది అద్దె మాత్రమే.

ఉదాహరణకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఉద్యోగుల కోసం గచ్చిబౌలిలో ఒక ఫ్లాట్‌ను 50 వేలకు తీసుకుందనుకుందాం. ఓనర్‌కు 50 వేలు ఇస్తుంది. మరో 9 వేలు తన ఖాతా నుంచి జీఎస్టీగా కడుతుంది. ఆ ఓనర్ "జీఎస్టీతో కలిపి 59 వేలు ఇవ్వండి" అని అడిగితే ఒకే అద్దెకు రెండుసార్లు ట్యాక్స్ పేరు చెప్పినట్టు. ఒకటి ప్రభుత్వానికి వెళ్తుంది. ఇంకొకటి ఓనర్ జేబులోకి. కంపెనీ లీజు మీద ఉంటున్న ఉద్యోగులు కూడా ఈ విషయం తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ 9 వేలను కంపెనీ ఒక్కోసారి జీతం ప్యాకేజీలోనే సర్దుతుంది. కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా అన్ని సందర్భాల్లో దక్కకపోవచ్చు.

ఇప్పుడు చిన్న వ్యాపారుల సంగతి. కిరాణా షాపో, మొబైల్ షాపో సొంత పేరు మీద నడుపుకునేవాళ్లకు జీఎస్టీ నంబర్ ఉంటుంది. వాళ్లు కుటుంబంతో ఉండటానికి ఇల్లు తీసుకుంటే? 2022 జులై నాటి రూల్ అక్షరాలా చదివితే వాళ్లూ పన్ను పరిధిలోకి వచ్చేలా కనిపించింది. షాపుకి, మనిషికి చట్టం దృష్టిలో పాన్ నంబర్ ఒకటే కదా. దీనిపై ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ కూడా పడింది. చివరికి 2023 జనవరి 1 నుంచి రూల్‌నే సవరించారు. ప్రొప్రైటర్ తన వ్యక్తిగత హోదాలో, తాను ఉండటానికి ఇల్లు తీసుకుని, ఆ అద్దెను వ్యాపారం ఖర్చుల్లో చూపించకపోతే జీఎస్టీ లేదు. ఈ చివరి మాట ముఖ్యం. అద్దెను షాపు లెక్కల్లో ఖర్చుగా రాసుకుని ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గించుకుంటే మాత్రం మినహాయింపు పోయినట్టే. రెండు చోట్లా లాభం కుదరదు.

వసూలు చేస్తే ఏమవుతుంది?

జీఎస్టీ చట్టంలో సెక్షన్ 32 అని ఒకటుంది. రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి ఎవరి దగ్గరా పన్ను పేరుతో డబ్బు తీసుకోకూడదు. ఒకటి రెండు ఫ్లాట్లు అద్దెకిచ్చుకునే చాలామంది ఓనర్లకు జీఎస్టీ నంబరే ఉండదు. ఇళ్ల అద్దెలు తప్ప ఇంకే ఆదాయం లేనివాళ్లకు అది అవసరం కూడా లేదు. పూర్తిగా మినహాయింపు ఉన్న సేవలు మాత్రమే ఇచ్చేవాళ్లు రిజిస్టర్ అవ్వాల్సిన పనిలేదని చట్టమే చెబుతోంది. అలాంటి ఓనర్ "జీఎస్టీ" అని అడగడమంటే తన దగ్గర లేని అధికారంతో అడగడమే.

సెక్షన్ 76 ఇంకా గట్టిది. పన్ను పేరుతో ఎవరి దగ్గర ఎంత తీసుకున్నా, అసలు దానిపై పన్ను ఉన్నా లేకపోయినా, ఆ డబ్బును వెంటనే ప్రభుత్వానికి కట్టేయాలి. జేబులో వేసుకోవడానికి లేదు. మూడు నెలలు దాటినా కట్టకపోతే సెక్షన్ 122 కింద పెనాల్టీ ఉంటుంది. 10 వేలు లేదా ఆ పన్ను మొత్తం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. అలా ప్రభుత్వానికి చేరిన డబ్బు కోసం భారం మోసిన వ్యక్తి రీఫండ్ అడిగే దారి కూడా చట్టంలో ఉంది. ఆచరణలో ఒక అద్దెదారు అంత దూరం వెళ్లడం అరుదు. అది వేరే సంగతి.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే భయపడేదెందుకు అని అడగొచ్చు. ఇక్కడే ఒక చేదు నిజం ఉంది. చట్టం ఆపేది జీఎస్టీ అనే పేరును. అద్దె పెంపును కాదు. "సరే, జీఎస్టీ వద్దు. ఈ ఏడాది నుంచి అద్దె 35,400" అని ఓనర్ అంటే జీఎస్టీ చట్టం ఏమీ చేయలేదు. అగ్రిమెంట్ నడుస్తున్న కాలంలో అయితే ఒప్పుకున్న దానికంటే ఎక్కువ అడగడానికి లేదు. గడువు అయిపోయాక మాత్రం "ఇష్టముంటే ఉండండి, లేకపోతే ఖాళీ చేయండి" అనే మాటే నడుస్తుంది. స్కూళ్లు తెరిచాక, పిల్లల్ని పెట్టుకుని ఇల్లు మారడం ఎంత కష్టమో ఓనర్లకు బాగా తెలుసు.

అలాగైతే పేరు ఏదైతేనేం, డబ్బు పోవడం ఒకటే కదా? కాదు. తేడా ఉంది. అద్దె అని రాసి తీసుకుంటే అది ఓనర్ ఆదాయం. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో చూపించాలి. జీఎస్టీ అని తీసుకుని కట్టకుండా ఉంచుకుంటే ఆ డబ్బు అద్దె లెక్కలోనూ కనిపించదు, జీఎస్టీ లెక్కలోనూ కనిపించదు. అద్దెదారు వైపు నుంచి చూస్తే, పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ క్లెయిమ్ చేసుకునేది అద్దెగా రసీదు ఉన్న మొత్తానికే. రసీదులో అద్దె 30 వేలే ఉంటే మిగతా 5,400 ఇచ్చినా ఇవ్వనట్టే. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ కూడా ఇవ్వాలి కాబట్టి, చాలామంది ఓనర్లు రసీదు మీద పెద్ద అంకె కనిపించడానికి ఇష్టపడరు. జీఎస్టీ మాట వెనుక కొన్నిసార్లు ఉండే అసలు కథ ఇదే.

హాస్టళ్లు, పీజీల్లో ఉండేవాళ్ల సంగతేంటి?

అమీర్‌పేట, ఎస్‌ఆర్ నగర్, మాదాపూర్, కూకట్‌పల్లి.. కోచింగ్‌కు వచ్చినవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఉండేది ఇక్కడే. జీఎస్టీ గొడవ వీళ్లకే ఎక్కువ తగిలింది. ఎందుకంటే "నివాస గృహం" అంటే ఏంటో జీఎస్టీ చట్టంలో నిర్వచనమే లేదు. ముగ్గురు ముగ్గురు ఒక గదిలో మంచాలేసుకుని ఉండే చోటు ఇల్లా, లాడ్జా? తేల్చేది ఎవరు?

2023 జులైలో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ ఒక కేసులో, పీజీ హాస్టల్ నివాస గృహం కాదని, కాబట్టి మినహాయింపు వర్తించదని చెప్పింది. అప్పటి రేటు 12 శాతం. నెలకు 9 వేలు కట్టే కుర్రాడికి వెయ్యికి పైగా అదనం. బెంగళూరులో తీర్పు వస్తే హైదరాబాద్ హాస్టళ్లలో గుబులు మొదలైంది. నిజానికి అడ్వాన్స్ రూలింగ్ ఆ కేసు వేసినవాళ్లకు, వాళ్ల పన్ను అధికారికి మాత్రమే వర్తిస్తుంది. కానీ వార్త అలా ప్రచారంలోకి రాలేదు.

ఆ చిక్కు 2024 జూన్ 22న 53వ జీఎస్టీ కౌన్సిల్‌లో తీరింది. ఒక్కో మనిషికి నెలకు 20 వేలు మించకుండా, కనీసం 90 రోజులు వరుసగా ఉండేలా ఇచ్చే వసతికి జీఎస్టీ లేదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. 2024 జులై 15 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. గత కాలానికి కూడా ఇదే ఊరట ఇచ్చారు. అంటే మన ఊళ్లలోని మామూలు హాస్టల్ బిల్లులో జీఎస్టీ లైన్ కనిపిస్తే ప్రశ్నించాల్సిందే.

రెండు షరతులూ కలిసి ఉండాలి, అది మర్చిపోవద్దు. ఇంటర్వ్యూ కోసం వచ్చి 20 రోజులు ఉండి వెళ్లిపోతే 90 రోజుల షరతు తీరదు. హైటెక్ సిటీ దగ్గర సింగిల్ రూమ్‌కు నెలకు 25 వేలు తీసుకునే కో లివింగ్ అయితే 20 వేల షరతు తీరదు. అలాంటి చోట, నిర్వాహకులు రిజిస్టర్ అయి ఉంటే పన్ను పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు హోటల్ తరహా వసతికి రేటు 5 శాతానికి తగ్గింది. ఇప్పటికీ 12 శాతమో, 18 శాతమో వేస్తుంటే బిల్లు ఒకసారి గట్టిగా చూడాలి. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటని, రిజిస్ట్రేషన్ లేని చిన్న హాస్టల్ అయితే ఏ రేటూ వేయకూడదు.

బిల్డింగ్ ఓనర్‌కు, హాస్టల్ నడిపే వ్యక్తికి మధ్య అద్దె మాటేంటి? దీని మీద కూడా పెద్ద కేసే నడిచింది. బెంగళూరులో ఒక భవనాన్ని ఒక కంపెనీకి లీజుకిచ్చారు. ఆ కంపెనీ విద్యార్థులకు, ఉద్యోగులకు గదులు ఇచ్చింది. తీసుకున్నది కంపెనీ కాబట్టి మినహాయింపు లేదని అధికారులన్నారు. చివరికి అక్కడ ఉండేది మనుషులే కదా, వాడకం నివాసమే కదా అని కర్ణాటక హైకోర్టు 2022 ఫిబ్రవరిలో ఓనర్ వైపు తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు కూడా 2025 డిసెంబర్‌లో దాన్నే ఖాయం చేసింది. అయితే ఆ వివాదం 2022 జులై మార్పుకు ముందు కాలానిది. ఆ తర్వాత హాస్టల్ నడిపేవాళ్లకు జీఎస్టీ నంబర్ ఉంటే రివర్స్ ఛార్జ్ లెక్క వస్తుంది. ఈ తీర్పును పట్టుకుని ఇక అన్నిటికీ పన్ను లేదనుకుంటే పొరపాటే.

ఇంట్లో ఆఫీసు పెడితే?

బిల్డింగ్ ఇల్లైనా, వాడకం వ్యాపారానికైతే మినహాయింపు ఉండదు. ఫ్లాట్‌లో క్లినిక్, ట్యూషన్ సెంటర్, ఆఫీస్ నడిపితే అది వాణిజ్య అద్దె కిందకు వస్తుంది. ఓనర్ రిజిస్టర్ అయి ఉంటే 18 శాతం బిల్లు వేస్తారు. ఓనర్‌కు రిజిస్ట్రేషన్ లేక, అద్దెకు తీసుకున్న వ్యాపారికి ఉంటే 2024 అక్టోబర్ 10 నుంచి ఆ వ్యాపారే రివర్స్ ఛార్జ్‌లో కట్టాలి. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్న చిన్న వ్యాపారులకు తర్వాత 2025 జనవరిలో దీని నుంచి ఊరట ఇచ్చారు. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకునేవాళ్లు దీనికి కంగారు పడక్కర్లేదు. ఇల్లు ఇల్లే.

మెయింటెనెన్స్ బిల్లుతో జాగ్రత్త

గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండేవాళ్లకు బిల్లులో జీఎస్టీ నిజంగానే కనిపిస్తుంది. అయితే అది అద్దెపై కాదు. మెయింటెనెన్స్‌పై. ఫ్లాట్‌కు నెలకు 7,500 దాటి, అసోసియేషన్ ఏడాది టర్నోవర్ కూడా 20 లక్షలు దాటితే 18 శాతం పడుతుంది. 7,500 దాటితే మొత్తం మీద వేయాలా, దాటిన దాని మీదే వేయాలా అన్నదానిపై కేంద్రం సర్క్యులర్ ఒకటి చెబితే, మద్రాస్ హైకోర్టు 2021లో దాటిన మొత్తం మీదే అని చెప్పింది. ఇది అసోసియేషన్ వేసే బిల్లు. మెయింటెనెన్స్ అద్దెదారే కట్టుకోవాలని అగ్రిమెంట్‌లో ఉంటే ఆ జీఎస్టీ కూడా మీ మీదే పడుతుంది. ఓనర్ "జీఎస్టీ" అని అడిగినప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది అది అద్దె మీదా, మెయింటెనెన్స్ మీదా అన్నదే. మెయింటెనెన్స్ మీద అయితే అసోసియేషన్ బిల్లు చూపించమనండి. అందులో ఉన్నంతే కట్టండి. 5 వేల మెయింటెనెన్స్ కట్టే అపార్ట్‌మెంట్‌లో ఈ మాటే రాకూడదు.

బ్రోకర్ కమీషన్ మీద జీఎస్టీ మరో విషయం. బ్రోకర్ రిజిస్టర్ అయి, సరైన బిల్లు ఇస్తే 18 శాతం న్యాయమే. ఆస్తిపన్ను మాత్రం జీఎస్టీకి సంబంధం లేనిది. అది ఎవరు కట్టాలన్నది అగ్రిమెంట్‌ను బట్టి ఉంటుంది.

అమెరికాలో మనవాళ్లకు రివర్స్ కథ

అక్కడున్న తెలుగువాళ్లకు దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం ఉంది. అరిజోనాలోని చాలా నగరాల్లో ఇంటి అద్దె మీద సిటీ ట్యాక్స్ చట్టబద్ధంగానే ఉండేది. అద్దె బిల్లులో ఓనర్ దాన్ని కలిపి తీసుకునేవారు. 2023లో రాష్ట్ర చట్టం చేసి, 2025 జనవరి 1 నుంచి 30 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉండే ఇళ్ల అద్దెలపై దాన్ని ఎత్తేశారు. ఫీనిక్స్, చాండ్లర్ వైపు ఉంటున్నవాళ్లు ఆ తేదీ తర్వాత కూడా బిల్లులో ఆ లైన్ ఉందేమో చూసుకోవాలి. హవాయిలో మాత్రం అద్దె ఆదాయంపై పన్ను ఇప్పటికీ ఉంది.

ఓనర్ అడిగితే ఏం చేయాలి?

గొడవ పెట్టుకోనక్కర్లేదు. "సరేనండీ, మీ జీఎస్టీ నంబర్, ట్యాక్స్ ఇన్వాయిస్ ఇవ్వండి" అని మర్యాదగా వాట్సాప్‌లో అడిగితే చాలు. మాట రాతలో ఉండటం మంచిది. చాలా సందర్భాల్లో విషయం అక్కడితోనే ఆగిపోతుంది.

నంబర్ ఇస్తే దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే చెక్ చేయొచ్చు. మొత్తం 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29. ఆ తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరే. పేరు, స్టేటస్ సరిపోయాయో లేదో వెంటనే తెలుస్తుంది. నంబర్ నిజమైనదే అయినా, మీరు ఉండటానికి తీసుకున్న ఇంటి మీద ఓనర్ పన్ను వేయడానికి వీల్లేదన్న విషయం మారదు.

ఇప్పటికే కొన్ని నెలలు కట్టేసి ఉంటే, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ల వివరాలు, మెసేజ్‌లు తీసి పెట్టుకోండి. అద్దెలో సర్దమని ముందు ఓనర్‌నే అడగొచ్చు. కుదరకపోతే వాణిజ్య పన్నుల శాఖ స్థానిక కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. కొత్త అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు "వర్తించే పన్నులు అద్దెదారు భరించాలి" అనే లైన్ ఉంటే సంతకానికి ముందే ఆపించండి. స్టాంప్ పేపర్ల దగ్గర దొరికే రెడీమేడ్ ఫార్మాట్లలో, ముఖ్యంగా షాపుల అగ్రిమెంట్ నుంచి కాపీ చేసినవాటిలో ఈ లైన్ వచ్చేస్తుంటుంది. రేపు ఓనర్ చూపించేది దాన్నే. లైన్ ఉన్నా లేని పన్ను పుట్టదు. కానీ వాదనకు దిగాల్సిన అవసరం ముందే తప్పుతుంది.